పతకం ఉంది.. పుస్తకంలో లేదు!

ఖరగ్‌పూర్‌లోని మథురాకాటి, నింపురా రైల్వే క్వార్టర్ల మధ్య నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడడం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఈ ఊరికి వలస వచ్చి స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు దాని దృష్టిలో ఉన్నది ముఖ్యంగా ఈ ఊరి తెలుగువారే. ఇలాంటి ఇళ్లలో ఒక కొడుకు రైల్వేకు వెళితే, ఇంకో కొడుకు మిలటరీకి వెళ్లడం ఉత్తరాంధ్ర నుంచి వెంట వచ్చిన అలవాటే. మిలటరీ నుంచి తిరిగి వచ్చినవారు రైల్వే ఉద్యోగంలో చేరడమూ మామూలే.

అలాంటి ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఒక పుస్తకం ఉంటుంది. అదే డిశ్చార్జి బుక్కు. సైనికుడు పదవీ విరమణ చేసిన రోజున చేతికి ఇచ్చే ఈ పుస్తకంలో అతని నంబరు, ర్యాంకు, సేవా కాలం, చేసిన కోర్సులు, పొందిన పతకాలు ఉంటాయి. చాలామంది దాన్ని జాగ్రత్తగా దాచుకుంటారు కానీ, చదవరు. కూతురి కాలేజీ సీటు కోసమో, తన రెండో ఉద్యోగం కోసమో, పింఛను లెక్క కోసమో ఏదో ఒకరోజు దాన్ని తెరిచినప్పుడే లోపం బయటపడుతుంది. ఛాతీపై రిబ్బను ఉంటుంది. ఫొటోలో పతకం ఉంటుంది. పుస్తకంలో మాత్రం ఆ గీత ఉండదు.

ఆ ఒక్క గీతను తిరిగి రాయించుకోవడం సాధ్యమేనా? సాధ్యమే. అయితే అందుకు ఉన్న సమయం చాలామంది అనుకునే దానికన్నా తక్కువ.

నమోదు ఎక్కడ తప్పిపోతుంది?

సైన్యంలో జవాను జీవితంలోని ప్రతి మార్పూ 'పార్ట్ టూ ఆర్డరు' అనే పత్రంతో రికార్డుకెక్కుతుంది. పెళ్లి, పిల్లల పుట్టుక, పదోన్నతి, బదిలీ, కోర్సు పూర్తి, గాయం, పతకం.. వీటిలో ప్రతిదానికీ అతని యూనిట్ కార్యాలయం ఒక ఆర్డరు ప్రచురించాలి. దాని ప్రతి రికార్డు ఆఫీసుకు చేరాలి. అక్కడి గుమస్తా దాన్ని సేవా పత్రాల్లో ఎక్కించాలి. ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా, జరిగిన సంగతి కాగితం మీద జరగనట్లే లెక్క.

తప్పడానికి కారణాలు సాదాసీదావి. యూనిట్ సరిహద్దు నుంచి మరో చోటికి కదులుతున్నప్పుడు కోర్సు ఫలితం వచ్చి ఉంటుంది. జవాను ఆసుపత్రిలో ఉండగా అతని కంపెనీ పతకాల జాబితా పంపి ఉంటుంది. మరో యూనిట్‌కు తాత్కాలికంగా పంపిన మనిషిని తన యూనిట్ ఆ యూనిట్ చూసుకుంటుందనుకుంటుంది, ఆ యూనిట్ ఈ యూనిట్ చూసుకుంటుందనుకుంటుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. నష్టం మాత్రం ఒక్కరిదే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పతకం అనే లోహపు బిళ్ల వేరు, దానిపై హక్కు వేరు. సర్కారు నుంచి రావలసిన పతకాలు ఆలస్యమైతే కంటోన్మెంట్ బజార్లలో నకలు పతకాలు, రిబ్బన్లు కొని పెట్టుకునే జవాన్లు ఎందరో ఉన్నారు. హక్కు ఉంటే అందులో తప్పులేదు. కానీ ఆ హక్కుకు ఆధారం బిళ్ల కాదు, ఆర్డరు నంబరు. ఛాతీపై ఉన్నదాన్ని చూపించి రికార్డు ఆఫీసును ఒప్పించలేం.

రెండు రకాల పతకాలు, రెండు రకాల రుజువులు

శౌర్య పతకాలు రాష్ట్రపతి ప్రకటించేవి. పరమవీర చక్ర నుంచి సేనా పతకం వరకు, 'మెన్షన్ ఇన్ డిస్పాచెస్' గుర్తింపు సహా, అన్నీ భారత రాజపత్రంలో అచ్చవుతాయి. కాబట్టి సేవా పుస్తకంలో లేకపోయినా రాజపత్రం తేదీ, నోటిఫికేషన్ నంబరు దొరికితే వాదన అక్కడితో ముగిసినట్లే. గెజిట్‌ను ఏ గుమస్తా కాదనలేడు.

యుద్ధ పతకాలు, సేవా పతకాలు అలా కావు. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్. 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్ల దీర్ఘ సేవా పతకాలు. వీటిలో పేరు పేరునా గెజిట్ ఉండదు. ఏ తేదీల్లో, ఏ ప్రాంతంలో, ఏ యూనిట్‌లో ఉన్నారన్నదే అర్హత. అందుకే వీటికి రుజువు ఆ కాలపు యూనిట్ కాగితాల్లోనే దొరకాలి.

ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండా వైమానిక స్థావరం దీనికి మంచి ఉదాహరణ. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ జెట్లు ఈ స్థావరంపై దాడి చేశాయి. వాటిని ఆకాశంలో ఎదుర్కొన్న ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్‌కు వీరచక్ర దక్కింది. ఆ పేరు గెజిట్‌లో, చరిత్ర పుస్తకాల్లో శాశ్వతంగా ఉంది. అదే రోజు నేల మీద విధుల్లో ఉన్న మెకానిక్కు, వైర్‌లెస్ ఆపరేటరుకు రావలసిన యుద్ధ పతకం మాత్రం ఒక గుమస్తా టైపు చేసే జాబితాలోని వరుస మీద ఆధారపడింది. పెద్ద పతకం తనను తాను కాపాడుకోగలదు. చిన్న పతకానికే కాపలా కావాలి.

పెద్ద పతకం విషయంలోనూ పొరపాట్లు జరగవని కాదు. కార్గిల్‌లో టైగర్ హిల్‌పై పోరాడిన 18 గ్రెనేడియర్స్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను మొదట మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారని తరవాత తేలింది. అదే దళంలో అదే పేరు గల మరో జవాను ఉండడం గందరగోళానికి దారితీసింది. దేశంలోని అత్యున్నత యుద్ధ పురస్కారానికే అలా జరిగినప్పుడు, మారుమూల పోస్టులోని సిపాయి కోర్సు సర్టిఫికెట్టు గల్లంతు కావడంలో ఆశ్చర్యం లేదు.

ఆ గీత విలువ ఎంత?

దీన్ని గౌరవానికి సంబంధించిన సంగతిగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. శౌర్య పతకాలకు నెలవారీ భత్యం ఉంది. 2017 ఆగస్టు నుంచి అమలైన రేట్ల ప్రకారం పరమవీర చక్రకు రూ.20,000, మహావీర చక్రకు రూ.10,000, వీరచక్రకు రూ.7,000, శౌర్యానికి ఇచ్చే సేనా పతకానికి రూ.2,000. చక్ర పురస్కారాలు పొందినవారికి రైల్వే ఉచిత ప్రయాణ పాసు ఇస్తుంది. వృత్తి విద్యా కళాశాలల్లో సైనికుల పిల్లల కోటాకు కేంద్రీయ సైనిక్ బోర్డు ప్రాధాన్య క్రమంలో శౌర్య పురస్కార గ్రహీతల పిల్లలది ఐదో స్థానం, సాధారణ మాజీ సైనికుల పిల్లలది ఆరో స్థానం. 'మెన్షన్ ఇన్ డిస్పాచెస్' ఉన్నవారూ ఐదో స్థానం కిందికే వస్తారు. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నచోట ఐదుకు, ఆరుకు మధ్య తేడా అంటే ఒక అమ్మాయి చదువు.

గాయం సంగతి ఇంకా తీవ్రమైనది. యుద్ధంలో, సైనిక చర్యల్లో తగిలిన గాయానికీ, మామూలు విధుల్లో కలిగిన వైకల్యానికీ పింఛను నిబంధనలు వేరు. గాయపడినప్పుడు యూనిట్ పంపే నివేదికలో 'యుద్ధ క్షతగాత్రుడు' అని నమోదు కాకపోతే, గాయానికి ఇచ్చే పతకమే కాదు, యుద్ధ గాయ పింఛనూ చేజారుతుంది. పుస్తకంలో ఆ పతకం కనిపించలేదంటే వెనక ఇంకా పెద్ద నమోదు తప్పిపోయిందేమో చూసుకోవాలి.

శిక్షణ మాటకొస్తే, రైల్వే పట్టణంలో దాని విలువ అందరికన్నా బాగా తెలుసు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు గ్రూప్ సి లో 10 శాతం, పాత గ్రూప్ డి స్థాయిలో 20 శాతం కోటా ఉంది. డీజిల్ ఇంజను మరమ్మతు, ఎలక్ట్రికల్, సిగ్నల్, వెల్డింగు వంటి సైనిక ట్రేడులను పౌర ఉద్యోగ అర్హతలతో సరిపోల్చుకునే వీలుంది. అయితే సరిపోల్చాలంటే కోర్సు పేరు, కాలవ్యవధి, గ్రేడు డిశ్చార్జి పుస్తకంలో ఉండాలి. పదిహేనేళ్లు ట్యాంకు ఇంజన్లు విప్పి బిగించిన చేతులైనా, ఆ గీత లేకపోతే దరఖాస్తులో 'అనుభవం లేదు' కిందికే వస్తాయి.

రైల్వే ఉద్యోగే సైనికుడైతే..

ఖరగ్‌పూర్‌కు ఈ విషయంలో ఇంకో కోణం ఉంది. బ్రిటిష్ కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు సొంత వాలంటీరు పటాలం ఉండేది. అలాంటి పటాలాలు అప్పట్లో ఐరోపావారికి, ఆంగ్లో ఇండియన్లకు పరిమితం. స్వాతంత్ర్యం తరవాత 1948 చట్టంతో వచ్చిన టెరిటోరియల్ ఆర్మీ ఆ తలుపును అందరికీ తెరిచింది. రైల్వే ఉద్యోగులు తమ ఉద్యోగంలో ఉంటూనే రైల్వే ఇంజనీర్ రెజిమెంట్లలో చేరి, ఏటా శిబిరంలో శిక్షణ పొంది, యుద్ధ సమయంలో పిలుపు వస్తే యూనిఫారం వేసుకుని రైళ్లు నడిపారు. 1965, 1971 యుద్ధాల్లో ఈ దళాలు పనిచేశాయి.

ఆగ్నేయ రైల్వేలోనే ఉన్న ఆద్రాలో అలాంటి ఒక రెజిమెంటు ఉండేది. సికింద్రాబాద్‌లో మరొకటి. 2021లో రక్షణ శాఖ రైల్వే టెరిటోరియల్ రెజిమెంట్లు ఆరింటిలో ఐదింటిని.. ఆద్రా, సికింద్రాబాద్, ఝాన్సీ, కోటా, చండీగఢ్‌లలో ఉన్నవాటిని.. రద్దు చేయాలని నిర్ణయించింది. సిలిగుడి కారిడార్ రైలు మార్గం అవసరాల కోసం జమాల్‌పూర్ రెజిమెంటును మాత్రమే ఉంచింది. సైనిక అవసరాల దృష్ట్యా అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ యూనిట్ లేకపోతే, 'మా పాత ఆర్డరు వెతికి పెట్టండి' అని అడగడానికి తెలిసిన తలుపు కూడా లేకుండా పోతుంది.

టెరిటోరియల్ జవానుకు ఈ రికార్డు మామూలు జవానుకన్నా ముఖ్యం. 12 ఏళ్ల సేవకు ఇచ్చే టెరిటోరియల్ ఆర్మీ మెడల్‌కు ఏటా శిబిరానికి హాజరైన నమోదులే ఆధారం. పైగా ఉద్యోగ నియామక నిబంధనల్లో టెరిటోరియల్ ఆర్మీ వారందరినీ 'మాజీ సైనికుడు'గా గుర్తించరు. పిలుపు మీద చేసిన నిరంతర సేవకు పింఛను పొందేవారు, సైనిక సేవ వల్ల వైకల్యం కలిగినవారు, శౌర్య పురస్కారం పొందినవారు.. ఈ మూడు వర్గాలకే ఆ హోదా. అంటే ఇక్కడ గల్లంతైన గీత ఒక పతకాన్ని మాత్రమే కాదు, మాజీ సైనికుడన్న గుర్తింపునే తీసేయగలదు.

పాతికేళ్ల గడువు

ఎక్కువమందికి తెలియని నిబంధన ఒకటుంది. పింఛను అర్హత లేకుండా సైన్యం నుంచి వచ్చినవారి సేవా పత్రాలను నిర్ణీత కాలం, సాధారణంగా 25 ఏళ్లు, దాటాక నాశనం చేస్తారు. ఆ తరవాత మిగిలేది 'లాంగ్ రోల్' అనే శాశ్వత పట్టీలోని క్లుప్తమైన వివరాలే. పింఛనుదారుల పత్రాలను అంతకన్నా ఎక్కువ కాలం ఉంచుతారు. కాబట్టి తక్కువ కాలం సేవ చేసి వచ్చినవారు, టెరిటోరియల్ జవాన్లు 'ఎప్పుడైనా అడగవచ్చులే' అనుకోవడం ప్రమాదకరం. ట్రైబ్యునల్ ముందుకు వచ్చిన కేసుల్లో 'పత్రాలు గడువు తీరి నాశనమయ్యాయి' అన్న జవాబు తరచూ వినిపిస్తుంది.

అమెరికా అనుభవం ఇక్కడ పాఠం చెబుతుంది. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడి కోటి అరవై లక్షల నుంచి కోటి ఎనభై లక్షల వరకు ఫైళ్లు బూడిదయ్యాయి. అయినా ఆ దేశం చేతులెత్తేయలేదు. జీతాల బిల్లులు, ఆసుపత్రి చీటీలు, యూనిట్ రోజువారీ నివేదికలు వంటి పక్క దారి ఆధారాలతో ఆ సైనికుల సేవను తిరిగి నిర్మిస్తూ వచ్చింది. అక్కడ 1946 చట్టం కిందనే రికార్డుల సవరణకు ప్రత్యేక బోర్డులున్నాయి. లోపం తెలిసిన మూడేళ్లలోగా దరఖాస్తు చేయాలన్న గడువు ఉన్నా, న్యాయం కోసం దాన్ని మన్నించే అధికారం ఆ బోర్డుకుంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక బోర్డు లేదు. రికార్డు ఆఫీసు, దానిపై సైనిక ప్రధాన కార్యాలయం, ఆపై ట్రైబ్యునల్.. ఇదే క్రమం.

ఎలా అడగాలి?

ముందుగా ఎవరిని అడగాలో తెలియాలి. దరఖాస్తు ఢిల్లీకి కాదు, తన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు వెళ్లాలి. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఈఎంఈకి, ఆర్డినెన్స్‌కు సికింద్రాబాద్, వైద్య దళానికి లఖ్‌నవూ. వాయుసేనకు ఢిల్లీ, నావికులకు ముంబయి. ఖరగ్‌పూర్‌వాసికి దగ్గరి దారి కంసావతి నది అవతల మేదినీపూర్‌లోని జిల్లా సైనిక్ బోర్డు. అక్కడి అధికారి ధ్రువీకరించి పంపే దరఖాస్తుకు నేరుగా పంపినదానికన్నా బరువుంటుంది.

దరఖాస్తులో 'నాకు అన్యాయం జరిగింది' అన్న వాక్యం కన్నా తేదీలు పనిచేస్తాయి. సర్వీసు నంబరు, ఆ సమయంలోని యూనిట్, ఉన్న ప్రాంతం, కోర్సు జరిగిన శిక్షణ కేంద్రం, బ్యాచి, కమాండింగ్ ఆఫీసరు పేరు రాయాలి. సర్టిఫికెట్టు, ప్రయాణ ఉత్తర్వు, జీతం చీటీ, ఆసుపత్రి కాగితం, ఆ కాలపు సెలవు పత్రం.. దొరికిన ప్రతిదాని నకలు జతచేయాలి. అసలు కాగితాలు ఎప్పుడూ పంపకూడదు. అదే యూనిట్‌లో పనిచేసి, అదే పతకం పుస్తకంలో ఉన్న సహచరుడి లిఖితపూర్వక ధ్రువీకరణ బలమైన పక్క సాక్ష్యం.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో తన సొంత సేవా పత్రాల నకలు, ఫలానా సంవత్సరపు పార్ట్ టూ ఆర్డర్ల ప్రతి అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'ఆ ఆర్డరు మా వద్ద లేదు' అన్న జవాబైనా తరవాతి మెట్టుకు ఆధారమే.

చివరి మెట్టు 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ బలగాల ట్రైబ్యునల్. పశ్చిమ బెంగాల్‌వారికి కోల్‌కతా బెంచి ఉంది. తుది తిరస్కరణ అందిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే ట్రైబ్యునల్ మన్నించవచ్చు. సైనిక రికార్డులు మార్చలేని శిలాశాసనాలు కావని ఈ ట్రైబ్యునలే చెప్పింది. కార్గిల్ యుద్ధంలో బటాలిక్ సెక్టారులో బ్రిగేడును నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్ తన పనితీరును, తన బ్రిగేడ్ పోరాటాన్ని నివేదికల్లో తప్పుగా చూపించారని పోరాడారు. 2010 మే నెలలో ట్రైబ్యునల్ ఆయన వాదనలో న్యాయం ఉందని గుర్తించి సవరణకు ఆదేశించింది. బ్రిగేడియర్ విషయంలో వర్తించిన న్యాయం సిపాయికీ వర్తించాలి.

ఇంటిపేరు చిక్కు

తెలుగువారికి, అందులోనూ బెంగాల్‌లో ఉండే తెలుగువారికి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. అదే పేరు. భర్తీ రోజున ఇంటిపేరు పొడి అక్షరంగా మారుతుంది. ఆధార్‌లో పూర్తిగా విచ్చుకుంటుంది. బ్యాంకులో అది పేరు చివరికి చేరుతుంది. 'రావు' అన్న రెండక్షరాలను ఒక్కో కార్యాలయం ఒక్కో స్పెల్లింగుతో రాస్తుంది. భర్తీ నాడు ఇచ్చిన చిరునామా శ్రీకాకుళం జిల్లా ఊరిది, ఇప్పుడు ఉంటున్నది ఖరగ్‌పూర్‌లో. పింఛన్లు 'స్పర్శ్' ఆన్‌లైన్ విధానంలోకి మారాక ఇలాంటి తేడాలు యంత్రం కంటికి ఇద్దరు మనుషులుగా కనిపిస్తాయి. పతకం కోసం దరఖాస్తు చేసేముందు పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే ముందు వాటిని సరిచేయించుకోవాలి. లేదంటే పతకం ఆర్డరు దొరికినా 'ఈయనే ఆయన' అని నిరూపించడానికి మరో ఏడాది పడుతుంది.

అగ్నివీరులు వస్తున్న వేళ..

ఇది ముసలివారి ట్రంకు పెట్టెలకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ కింద చేరిన యువకుల్లో ఎక్కువమంది నాలుగేళ్లకే పింఛను లేకుండా బయటికి వస్తారు. రైల్వే రక్షణ దళంలో, కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో వారికి 10 శాతం కోటా ప్రకటించారు. వారి చేతిలో మిగిలే ఆస్తి నేర్చుకున్న పని, దానికి సంబంధించిన కాగితం. ఆ కాగితంలో ఒక కోర్సు తప్పితే, పింఛను లేనివారు కనుక పాతికేళ్ల గడువు వారికీ వర్తించే ప్రమాదం ఉంది. ఇప్పుడు సర్వీసులో ఉన్నవారికి 'హమ్‌రాజ్' యాప్‌లో తమ పార్ట్ టూ ఆర్డర్లు చూసుకునే వీలుంది. ప్రతి కోర్సు, ప్రతి పోస్టింగు తరవాత అందులో నమోదైందో లేదో చూసుకోవడం తుపాకీ శుభ్రం చేసుకున్నంత అలవాటు కావాలి. సర్వీసులో ఉండగా యూనిట్ గుమస్తా దగ్గర అయిదు నిమిషాల్లో అయ్యే పని, బయటికి వచ్చాక అయిదేళ్లు పట్టవచ్చు.

ప్రభుత్వం చేయగలిగినవీ ఉన్నాయి. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఆమోదించిన విధానం ప్రకారం యుద్ధ డైరీలు, కార్యాచరణ పత్రాలు చరిత్ర విభాగానికి చేరి, సాధారణంగా 25 ఏళ్లకు బహిర్గతం కావాలి. దేశ యుద్ధ చరిత్రకు చూపిన ఈ శ్రద్ధ జవాను వ్యక్తిగత చరిత్రకూ చూపాలి. ఒకవైపు 25 ఏళ్లకు యుద్ధ డైరీ తలుపు తెరుచుకుంటుంటే, మరోవైపు అదే 25 ఏళ్లకు ఆ యుద్ధం చేసిన మనిషి కాగితాలు మాయం కావడం విడ్డూరం. నాశనం చేసేముందు ఆ పత్రాలను స్కాన్ చేసి, జిల్లా సైనిక్ బోర్డుల ద్వారా ఒక నోటీసైనా ఇవ్వాలి. రద్దయిన యూనిట్ల పార్ట్ టూ ఆర్డర్లు ఎక్కడున్నాయో తెలిపే జాబితా ప్రకటించాలి. విరమణకు ఆరు నెలల ముందే డిశ్చార్జి పుస్తకం ముసాయిదాను జవాను చేతికిచ్చి, చదివించి, సంతకం తీసుకోవాలి.

అంతవరకు ఆ బాధ్యత కుటుంబానిదే. ఈ ఆదివారం ట్రంకు పెట్టె తెరవండి. నాన్నగారి డిశ్చార్జి పుస్తకాన్ని ఆయన పక్కన కూర్చుని, ఆయన చెబుతుండగా చదవండి. ఆయనకు గుర్తున్నవి, పుస్తకంలో ఉన్నవి పక్కపక్కన రాయండి. తేడా కనిపిస్తే ఆయన జ్ఞాపకం చురుగ్గా ఉండగానే, ఆయన సహచరులు బతికి ఉండగానే దరఖాస్తు పంపండి. ఏ ఆర్డరూ దొరకని చోట మిగిలే ఆఖరి సాక్ష్యం వారి జ్ఞాపకమే.